గొలుసు ఎవరి పద్దులో ఉంది? తుంగభద్ర 19వ గేటు కేస్ స్టడీ

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి పదకొండు దాటాక హొసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్‌లో 19వ నంబరు క్రస్ట్ గేటు (క్రస్ట్ అంటే నీళ్లు పొర్లే గట్టు పైఅంచు, దాని మీద నిలిచే తలుపు ఇది) గొలుసు తెగింది. గేటు ఊడి ప్రవాహంలో కొట్టుకుపోయింది. అప్పటికి డ్యామ్ నిండి ఉంది. మట్టం 1633 అడుగులు, నిల్వ సుమారు 105 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఎగువన వరద తగ్గుముఖం పట్టి, తెరిచిన గేట్లు ఒక్కొక్కటే దించుకుంటున్న సమయం అది. ఏ కాలువకు ఎన్ని తడులు ఇవ్వొచ్చని లెక్కలు వేసుకునే రోజుల్లో, ఉన్న నీళ్లలో సగానికి పైగా వదిలేయాలా అన్న ప్రశ్న వచ్చి పడింది.

నేను ఈ డ్యామ్ కింది ఆయకట్టులో కాలువల మీద పనిచేసి రిటైరైన ఇంజనీర్ని. ఈ ఘటన గురించి మాట్లాడినప్పుడల్లా కుర్ర ఇంజనీర్లు అనే మాట ఒకటే: "వారంలో మూసేశారు కద సార్, సెప్టెంబరుకల్లా డ్యామ్ మళ్లీ నిండింది కూడా." నిజమే. ఆ ఏడాది వానలు కలిసొచ్చాయి. అందుకే దీన్ని ఒక సాహస కథగా చెప్పుకుని వదిలేశాం. నాకు ఆసక్తి కలిగించేది ఆ వారం రోజుల కంటే దానికి ముందున్న డెబ్బై ఏళ్లు.

రెండు సర్కార్ల డ్యామ్

1945లో పని మొదలైనప్పుడు ఎడమ సగం నిజాం సర్కారుది, కుడి సగం మద్రాసు సర్కారుది. ఒకే డ్యామ్‌కు ఇద్దరు యజమానులు, ఇంజనీర్ల బృందాలూ రెండు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి, హొసపేట తాలూకాలు మైసూరుకు వెళ్లాయి. డ్యామ్ అటు పోయింది, దాని కుడి కాలువల మీద ఆధారపడిన అనంతపురం, కర్నూలు ఇటు మిగిలాయి. నీళ్లు ఒకరి గడప లోపల, పొలాలు ఇంకొకరి గడప బయట. ఈ చిక్కు తీర్చడానికే ఆంధ్ర రాష్ట్ర చట్టం 66వ సెక్షన్ కింద రాష్ట్రపతి ఉత్తర్వులతో తుంగభద్ర బోర్డు పుట్టింది. అధ్యక్షుణ్ని కేంద్రం నియమిస్తుంది, సభ్యులు రాష్ట్రాల నుంచీ కేంద్రం నుంచీ వస్తారు, సిబ్బంది రెండు రాష్ట్రాల నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు. 2014 విభజన తర్వాత తెలంగాణకూ అందులో చోటు దక్కింది.

అంతర్రాష్ట్ర నదుల మీద కేంద్రం చేతి కింద నడిచిన బోర్డుల్లో ఇది బాగా పాతది. నిజాయితీగా చెప్పాలంటే, నీళ్ల పంపకంలో బాగా పనిచేసింది కూడా. కృష్ణా జలాల ట్రిబ్యునల్ ఇచ్చిన 1976 బచావత్ అవార్డు (తీర్పు) ప్రకారం ఈ ప్రాజెక్టుకు 230 టీఎంసీలు. ఆవిరి నష్టం 18 పోను 212. అందులో కర్ణాటకకు 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 73.01. మన వాటాను విడదీస్తే ఎగువ కాలువకు 32.5, దిగువ కాలువకు 24, కేసీ కాలువకు 10, రాజోలిబండకు 6.51. దశాంశ స్థానాలు చూశారా? పూడిక వల్ల డ్యామ్ సామర్థ్యం 133 టీఎంసీల దగ్గర మొదలై 105కు పడిపోయినా, ఏటా జూన్‌లో ఈసారి ఎంత నీరొస్తుందో అంచనా వేసి, ఇదే నిష్పత్తిలో వర్కింగ్ టేబుల్ (నీటి పంపకాల పట్టిక) తయారుచేసి, సీజన్ మధ్యలో రెండు మూడుసార్లు సవరించి, ఇండెంట్ల (రాష్ట్రాలు నీళ్లు కోరే పత్రాల) ప్రకారం వదులుతారు. దిగువ కాలువ సరిహద్దు దాటే చోట గేజ్ రీడింగ్ మీద గొడవలు పడ్డాం, పైన జలచౌర్యం జరుగుతోందని ఉత్తరాలు రాశాం, వాళ్లూ రాశారు. అయినా ఏ ఏడూ పట్టిక ఆగలేదు. కృష్ణా బోర్డు, గోదావరి బోర్డు సమావేశాల వార్తలు చదివేవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

అంటే ఆ బోర్డు ఏ పనికి పుట్టిందో ఆ పని చేసింది. నీటి వాటా తగ్గితే అడగడానికి రెండు వైపులా రైతులున్నారు, ఎమ్మెల్యేలున్నారు, పత్రికలున్నాయి. గేటు గొలుసు బలహీనపడితే అడిగేవాళ్లెవరు?

గేటు, గొలుసు, లేని స్టాప్‌లాగ్

స్పిల్‌వే, అంటే డ్యామ్‌లో నీళ్లు పొర్లిపోయే భాగం, మీద 33 గేట్లు. ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. గొలుసుల మీద నిలువుగా పైకీ కిందికీ జరిగే ఇనుప తలుపు. ఈ మధ్య కట్టిన డ్యాముల్లో ఉండే రేడియల్ గేటు (వంపు తిరిగి, ఇరుసు మీద తిరిగే తలుపు) తీరు వేరు. ఇక్కడ భారమంతా గొలుసు లింకుల మీద, వాటిని కలిపే పిన్నుల మీద పడుతుంది. లింకు పైకి గ్రీజు పూసి నల్లగా మెరుస్తున్నా, పిన్ను కూర్చునే రంధ్రం లోపల తుప్పు ఎంత తిన్నదో కంటికి కనబడదు. విప్పి చూడాలి, లేదంటే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాలి. విప్పి చూడాలంటే గేటును నీళ్లు ఆపే పని నుంచి కాసేపు తప్పించగలగాలి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఇప్పటి డిజైన్లలో ప్రతి గేటుకూ ఎగువన ఒక గాడి ఉంటుంది. గేటు రిపేరుకు వస్తే ఆ గాడిలోకి స్టాప్‌లాగ్‌లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే ఇనుప పలకలు, క్రేనుతో దించుతారు. అప్పుడు రిజర్వాయరులో నీళ్లుండగానే గేటు విప్పుకోవచ్చు. తుంగభద్ర పాతకాలపు డిజైన్ కావడంతో ఆ ఏర్పాటు లేదు. కాబట్టి ఒక గేటును పూర్తిగా చూడాలంటే మట్టం 1613 అడుగుల కిందికి, అంటే క్రస్ట్ కిందికి దిగిన వేసవి నెలలే దిక్కు. ఆ నెలల్లోనే కాలువల మరమ్మతులు, టెండర్లు, సిబ్బంది బదిలీలు అన్నీ ఉంటాయి.

పోల్చి చూడటానికి పులిచింతల ఉంది. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున అక్కడ 16వ గేటు కొట్టుకుపోయింది. అది కొత్త ప్రాజెక్టు, స్టాప్‌లాగ్‌లున్నాయి, యజమాని ఒకే రాష్ట్రం. నిల్వను దాదాపు ఖాళీ చేసి పలకలు దించారు. నీళ్లు వృథా అయ్యాయని విమర్శలు వచ్చాయి గానీ, నిర్ణయానికి ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకొకటి పోయాయి. మూడేళ్లలో ఇన్ని జరిగాక తుంగభద్రను ఒంటరి ప్రమాదం అనడానికి నాకు నోరు రాదు.

ఆ రాత్రి, ఆ వారం

గేటు పోగానే చేసిన మొదటి పని సరైనదే: మిగతా గేట్లన్నీ ఎత్తడం. ఒక చోట నుంచే నీళ్లు దూసుకుపోతుంటే పక్క పియర్ల (గేట్ల మధ్య గోడల) మీద, కింద ఏప్రన్ (నీళ్లు పడే కాంక్రీటు నేల) మీద భారం ఒకవైపే పడుతుంది. అన్ని గేట్ల నుంచీ సమంగా వదిలితే ఆ భారం సర్దుకుంటుంది, మట్టమూ త్వరగా దిగుతుంది. మొత్తం వదిలింది లక్ష క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) అటూ ఇటూ. పోయిన గేటు ఒక్కదాని నుంచే 35 వేల క్యూసెక్కులు పోతున్నాయని పత్రికల్లో వచ్చింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల నీటి ఎత్తుకు వియర్ ఫార్ములా (గట్టు మీంచి పొర్లే నీటిని లెక్కగట్టే సూత్రం) వేస్తే 20 వేలకు కాస్త అటూ ఇటూ వస్తుంది. ఇలాంటి అంకెలు చేతులు మారేకొద్దీ పెరుగుతాయి. కంట్రోల్ రూంలో కూర్చునే కుర్రాళ్లు ముందు సొంతంగా ఒక లెక్క వేసుకుని, తర్వాత టీవీ చూడాలి.

లెక్కంటే ఇదీ. క్రస్ట్ పైన ఉన్న నీరు సుమారు 60 టీఎంసీలు. లక్ష క్యూసెక్కులంటే రోజుకు 8.64 టీఎంసీలు. పైనుంచి వచ్చేది పోను రోజుకు ఆరు దిగుతుందనుకుంటే, పూర్తిగా క్రస్ట్ దాకా దిగడానికి పది రోజులు. ఆ తర్వాత ప్రశాంతంగా కొత్త గేటు పెట్టుకోవచ్చు. పద్ధతిగా, ఎవరికీ ప్రమాదం లేకుండా జరిగే పని అదే. దాని ఖరీదు 60 టీఎంసీలు, అంటే ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండింటి ఖరీఫ్. ఆగస్టు రెండో వారంలో ఖాళీ చేసిన డ్యామ్ మళ్లీ నిండుతుందో లేదో చెప్పగలిగేవాళ్లు లేరు.

రెండో దారి ప్రవహిస్తున్న నీళ్లలోనే పలకలు దించడం. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు చెప్పింది ఇదే. ఎనభైకి దగ్గరపడ్డ ఆయన ఈ డ్యామ్ పక్కనే ఉండిన తుంగభద్ర స్టీల్ ప్రోడక్ట్స్‌లో పనిచేసిన మనిషి. ఒక్కోటి 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఉండే ఐదు పలకలు. ఒకదాని మీద ఒకటి పెడితే 20 అడుగులు. కొట్టుకుపోయిన గేటు గాడిలోనే వాటిని దించాలి. హొసపేట చుట్టుపక్కల వర్క్‌షాపులూ జిందాల్ వాళ్లూ రాత్రింబవళ్లు పనిచేసి వాటిని తయారుచేశారు.

వినడానికి తేలికగా ఉంటుంది కానీ చేయడం ఎంత కష్టమో అంకెల్లో చెబుతాను. నీళ్లు క్రస్ట్ మీద 20 అడుగులు ఉన్నప్పుడు అట్టడుగు పలకను నిలకడ నీటి లెక్కన తోసే బలం 120 టన్నుల పైమాటే. 10 అడుగులకు దిగితే 54 టన్నులు. ఈ తోపుకు పలక గాడి అంచుకు అతుక్కుపోతుంది. ఇనుము ఇనుముకు రాసుకునే చోట ఘర్షణ 0.3 అనుకున్నా, 54 టన్నుల దగ్గరే 16 టన్నుల అడ్డు వస్తుంది. పది పన్నెండు టన్నుల పలక తన బరువుతో తాను కిందికి దిగదు, మధ్యలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న పలక కింద నుంచి నీళ్లు ఇంకా వేగంగా చిమ్ముతాయి, పలక వణకడం మొదలవుతుంది. క్రేను తాడు మీద ఆ వణుకు పడితే ఏమవుతుందో పని చేసినవాళ్లకు తెలుసు. కాబట్టి ప్రశ్న "దించాలా వద్దా" దగ్గర ఆగదు. మట్టం ఎన్ని అడుగులకు దిగాక దించాలి అన్నది తేలాలి. ఒక్కో అడుగు ఆగితే మూడేసి టీఎంసీలు పోతాయి, తోపు ఆరేడు టన్నులు తగ్గుతుంది. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఒక చోట గీత గీయాలి.

ఆ గీత ఎక్కడ గీయాలో ఏ మాన్యువల్‌లోనూ లేదు. బోర్డు, రెండు రాష్ట్రాల జలవనరుల శాఖలు, కేంద్ర జల సంఘం నిపుణులు, రెండు రాష్ట్రాల మంత్రులు, కర్ణాటక ముఖ్యమంత్రి, అందరూ డ్యామ్ మీదికి వచ్చిన వారం అది. మొదటి ప్రయత్నం కుదరలేదు. అడ్డొచ్చిన నిర్మాణాలు తొలగించి మళ్లీ మొదలుపెట్టి ఆగస్టు 16న మొదటి పలక దించారు, 17కల్లా ఐదూ కూర్చున్నాయి. అప్పటికి నిల్వ 71 టీఎంసీల దగ్గర ఉంది. క్రస్ట్ పైన ఉన్న 60లో 26 దాకా మిగిల్చారన్నమాట. నిండు ప్రవాహంలో అంత పెద్ద పలక దించిన ఆ కార్మికుల పనికి వంక పెట్టేవాణ్ని నేను కాను. నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటి. ఆ నిర్ణయం ఒక పెద్దాయన అనుభవం మీద, ఆయన మాటకున్న విలువ మీద నిలబడింది. ఆయన ఆ వారం అందుబాటులో లేకపోతే? అదే ఏడాది సెప్టెంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీకి పడవలు కొట్టుకుని కౌంటర్‌వెయిట్లు (గేట్లకు సమతూకం ఇచ్చే బరువు దిమ్మెలు) దెబ్బతిన్నప్పుడు కూడా పిలిచింది ఆయన్నే. ఇది దేశానికి గర్వకారణమో ప్రమాద సూచికో మీరే చెప్పండి.

తుంగభద్ర స్టీల్ ప్రోడక్ట్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డ్యామ్ గేట్ల కోసం పెట్టిన వర్క్‌షాపే తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ అయింది. దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు గేట్లు చేసింది. నష్టాల్లో ఉందని 2015లో మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. నష్టాలు నిజమే కావచ్చు. గేట్ల డ్రాయింగులు, కొలతలు, ఏ గొలుసు ఎప్పుడు మార్చారన్న జ్ఞాపకం, వీటికి మాత్రం బ్యాలెన్స్ షీటులో విలువ కట్టరు.

దిగువన

వరద కోణంలో చూస్తే లక్ష క్యూసెక్కులు తుంగభద్రకు పెద్ద విషయం కాదు. 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన వరదతో పోలిస్తే ఇదెంత. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలను అప్రమత్తం చేసింది. సుంకేసుల బ్యారేజీ నుంచి గేట్లు ఎత్తి కిందికి వదిలారు. శ్రీశైలం, సాగర్ అప్పటికే నిండి ఉండటంతో ఆ నీళ్లు పట్టి ఉంచడానికి చోటు తక్కువ. ప్రాణ నష్టం లేకుండా గడిచింది.

కానీ వరద హెచ్చరిక వ్యవస్థ ఏ లెక్క మీద నడుస్తుందో గమనించండి. కేంద్ర జల సంఘం ఇచ్చే ముందస్తు సమాచారం పైనుంచి ఎంత వస్తోంది, ఎప్పుడు ఎక్కడికి చేరుతుంది అన్న దాని మీద ఆధారపడుతుంది. వాన, గేజ్, నీరు ఎన్ని గంటల్లో ప్రయాణిస్తుంది, ఇవి దాని ముడిసరుకు. గొలుసు తెగడం ఏ వర్షమాపకంలోనూ నమోదు కాదు. ఆ రాత్రి మంత్రాలయం దగ్గర నదిలో మోటారు పెట్టుకున్న రైతుకు చేరాల్సిన కబురు డ్యామ్ ఆపరేటరు నుంచి నేరుగా జిల్లా కంట్రోల్ రూంకు, అక్కడి నుంచి వీఆర్వోకు చేరాలి. రాష్ట్ర సరిహద్దు దాటే ఈ ఫోను గొలుసులో ఒక్కో లింకుకూ పేరు, నంబరు, ప్రత్యామ్నాయం రాసి ఉంచే కాగితం పేరే అత్యవసర కార్యాచరణ ప్రణాళిక. 2021 డ్యామ్ భద్రతా చట్టం ప్రతి డ్యామ్‌కూ దీన్ని తప్పనిసరి చేసింది, తయారీకి ఐదేళ్లు గడువు ఇచ్చింది. గడువు అంటే మన ఆఫీసుల్లో ఐదో ఏడు ఆఖరి నెల అని అర్థం.

చట్టం ఏం మార్చింది, ఏం మార్చలేదు

ఆ చట్టం కింద డ్యామ్ యజమాని వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు చేయాలి, మరమ్మతులకు నిధులు కేటాయించాలి, లాగ్ బుక్ నడపాలి. రెండు రాష్ట్రాలకు విస్తరించిన డ్యామ్‌లకూ, ఒక రాష్ట్రంలో ఉండి ఇంకో రాష్ట్రం సొంతమైన డ్యామ్‌లకూ రాష్ట్ర భద్రతా సంస్థ పాత్రను జాతీయ డ్యామ్ భద్రతా అథారిటీయే పోషిస్తుంది. కాగితం మీద చక్కటి ఏర్పాటు. తుంగభద్రలో చిక్కు "యజమాని" అన్న చోటే ఉంది. డ్యామ్ కర్ణాటక నేల మీద ఉంది, నీళ్లలో వాటా మూడు రాష్ట్రాలది, నిర్వహణ కేంద్రం నియమించిన అధ్యక్షుడి కింది బోర్డుది, ఖర్చు రాష్ట్రాలు పంచుకోవాలి. గొలుసు మార్చడానికి డబ్బు కావాలంటే ప్రతిపాదన బోర్డు సమావేశంలోకి వెళ్లాలి, రాష్ట్రాలు ఒప్పుకోవాలి, ఆ రాష్ట్రాల ఆర్థిక శాఖలు విడుదల చేయాలి. నీటి విడుదలలో ఒక రాష్ట్రం ఆలస్యం చేస్తే ఇంకో రాష్ట్రం మర్నాడే నిలదీస్తుంది. నిర్వహణ నిధిలో ఇద్దరూ ఆలస్యం చేస్తే ఇద్దరికీ సుఖమే, ఏదైనా జరిగే దాకా.

కేంద్ర సమన్వయం అనగానే మనం నీటి వాటాల తగాదా తీర్చే పెద్దమనిషిని ఊహించుకుంటాం. తుంగభద్ర చూపించింది ఏమిటంటే, వాటాల మీద తగవు లేని చోట కూడా సమన్వయం విఫలం కావచ్చు. ఉమ్మడి ఆస్తికి ఇనుము మార్చే రోజు ఎప్పుడో నిర్ణయించే అధికారం, దానికి ముందే పక్కన పెట్టిన డబ్బు, ఈ రెండూ ఎవరి ఒప్పుకోలుకూ ఎదురుచూడకుండా బోర్డు చేతిలో ఉండాలి. పట్టికలో 18 టీఎంసీల ఆవిరి నష్టం ముందే తీసేసి మిగతాది పంచినట్టే, నీళ్ల ధరలోంచో రాష్ట్రాల వాటాలోంచో గేట్ల తరుగుదల కూడా ముందే తీసి పక్కన పెట్టాలి.

తర్వాత

2024 సెప్టెంబరులో కేంద్ర జల సంఘం మాజీ ఛైర్మన్ ఎ.కె. బజాజ్ నాయకత్వంలో కమిటీ వచ్చి చూసింది. 33 గేట్లూ కాలం తీరినవేనని, అన్నీ మార్చాలని సిఫారసు చేసింది. గేటు ఆయుష్షు సాధారణంగా నలభై ఐదు, యాభై ఏళ్లు. ఇవి డెబ్బై దాటాయి. 2025 వానాకాలానికి కొత్త గేట్లు సిద్ధం కాలేదు కాబట్టి నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేశారు. ఆ ఆగస్టులో మరో ఏడు గేట్లు సరిగా కదలని స్థితిలో ఉన్నాయని బయటపడింది. 2024లో తెగింది ఒక్క గొలుసే కావడం మన అదృష్టం.

80 టీఎంసీల పరిమితి వల్ల ఒక వింత జరిగింది. వరదకు పాతిక టీఎంసీల ఖాళీ దొరికింది. వరద నిర్వహణ పుస్తకాల్లో ఇలాంటి ఖాళీ ఉంచమనే రాస్తారు. మన దగ్గర జూలై చివరికే నింపేసుకుంటాం, ఆగస్టులో వాన మొహం చాటేస్తుందన్న భయంతో. అనంతపురం వాడిగా ఆ భయం నాకు తెలుసు, తప్పు పట్టలేను. అయినా 2025 సీజన్ విడుదలల లెక్కలు ఎవరైనా జాగ్రత్తగా తీసి, ఖాళీ ఉంచితే నిజంగా ఎంత పోయింది, దిగువన ఎంత ఒత్తిడి తగ్గింది అని రాస్తే పూడికతో పోయిన నిల్వకు బదులుగా కర్ణాటక ప్రతిపాదించిన నవలి జలాశయం మీద, ఎగువ కాలువకు సమాంతరంగా ఆంధ్రప్రదేశ్ కోరిన వరద కాలువ మీద జరిగే వాదనలకు అసలు అంకెలు దొరుకుతాయి.

గేట్లు మార్చడం కోసం ఆ ఏడాది రెండో పంటకు నీళ్లివ్వకూడదని నిర్ణయించారు. కర్ణాటక వరి రైతు, మన కాలువల కింది రైతు ఇద్దరూ ఒక పంట కోల్పోయారు. గేట్ల ఖర్చును ఎలా పంచుకోవాలో బోర్డుకు పద్ధతి ఉంది. ఈ పంట నష్టాన్ని ఎలా పంచాలన్నదానికి ఏ అవార్డులోనూ నిష్పత్తి లేదు.

కొత్త గేట్ల పని చూసే కుర్రాళ్లకు నా వైపు నుంచి చెప్పాల్సింది ఒకటుంది. ఎగువ గాడి కొత్తగా పెట్టడానికి వీలుందా, కనీసం ఒక జత స్టాప్‌లాగ్‌లూ వాటిని మోసే గ్యాంట్రీ క్రేనూ టెండరులో ఉన్నాయా అని ముందు చూడండి. లేకపోతే 33 కొత్త గేట్లు పెట్టాక కూడా మొదటి గేటు రిపేరుకు మళ్లీ వేసవి దాకా ఆగాల్సి వస్తుంది. ఆ ప్రశ్న రాతపూర్వకంగా అడగండి, జవాబు ఫైలులో పెట్టండి.